బొటనవేలి మరక

ఫణీంద్రా, స్క్రీన్ మీద నీ షాఫ్టు బాగానే తిరుగుతోంది.
స్క్రీన్ మీద నాదీ తిరిగింది.

కాగితాలు ఎగిరిపోకుండా నా బల్ల మీద పెట్టిన ఆ ఇనుప కడ్డీ చూశావా,
అది నా మొదటి షాఫ్టు.
గుంటూరులో ఒక కారం మిల్లుకి గీశాను.
బేరింగు కూర్చునే చోట నలభై అని రాసి ఊరుకున్నాను.
ఉత్త నలభై.
ఏ నలభై అని కింద లేత్ దగ్గర రాయప్ప మేస్త్రీ అడగలేదు,
కొత్తమ్మాయి బాధపడుతుందనుకున్నాడో
పడి నేర్చుకుంటుందనుకున్నాడో.
నాలుగు పాయింట్లు తక్కువ తీశాడు.
నేను కూడదని రాయలేదుగా.

ఆరో రోజు మిల్లాయన ఫోను:
బక్కచేతికి గాజులాగా
బేరింగు జారిపోతోందమ్మా, అని.
వెళ్ళాను. ఘాటుకి కళ్ళు కారుతుంటే
ఏడుస్తున్నాననుకుని మజ్జిగ ఇచ్చారు.
సగం నిజమే.

ఆ భయంతో తర్వాతి డ్రాయింగులో
ప్రతి కొలత పక్కనా పాయింట్ సున్నా ఒకటి బిగించాను,
గాలి తప్ప ఏదీ తగలని మూతరేకు అంచుకి కూడా.
రాయప్ప మూడింతలు రేటు చెప్పి
"ఈ రేకుకి పెళ్ళిచూపులా అమ్మా?" అన్నాడు.

అందుకని ముందు
ఏది దేన్ని తాకుతుందో చూడు.
తాకే చోట పిసినారిలా లెక్కపెట్టు,
తాకని చోట దానకర్ణుడివి కా.
పుస్తకాలు దీన్ని టాలరెన్స్ అంటాయి.
మేస్త్రీ ‘ఆట’ అంటాడు.
ఇక్కడ ఎంత ఆట ఉండాలమ్మా, అని.
నాకు ఆ మాటే నచ్చింది.

లోపలి మూలని కత్తి అంచులా గీశావు.
కట్టరు గుండ్రం, నాయనా.
గరిటెతో డబ్బా మూలలో పిండి తీసి చూడు ఓసారి.

ఆరు రంధ్రాల్ని ఒకదాన్నుంచి ఒకటి కొలుచుకుంటూ పోయావు.
చెవిలో చెప్పిన మాట చివరి మనిషి దగ్గర ఏమవుతుందో
ఆరో రంధ్రానికీ అదే అవుతుంది.
ఒక అంచు ఎంచుకో, అన్నీ అక్కణ్ణుంచే చెప్పు.
బెజవాడలో ఎవరు అడ్రసు అడిగినా
బెంజి సర్కిల్ నుంచే కదా మొదలుపెడతాం.

ఇంకోటి, ఇది మే నెల.
కాగితం మీది కొలత ఇరవై డిగ్రీలది.
ఆటోనగర్ రేకుల కింద ఇరవై డిగ్రీలు
నేనైతే ఎప్పుడూ చూడలేదు.
నలభై నాలుగులో నీ నలభై
పదకొండు మైక్రాన్లు ఒళ్ళు చేస్తుంది.
మైక్రోమీటరూ అదే ఎండలో ఉంటుంది కాబట్టి
ఏదోలా బతికిపోతున్నాం.
అప్పుడే కోసిన ముక్క సంగతి వేరు,
అది చెయ్యి కాలేంత వేడి.
రాయప్ప దాన్ని బల్ల మీద వదిలేసి టీ చెప్తాడు.
గ్లాసు ఖాళీ అయ్యాకే కొలుస్తాడు.
పైనుంచి కేకెయ్యకు.
ఆ టీ కూడా పనిలో భాగమే.

ఆయనకి రాయడం ఇష్టముండదు.
డ్రాయింగు తిరిగొచ్చినప్పుడు
నూనె మరక ఎక్కడుందో వెతుకు.
అనుమానమొచ్చిన చోట బొటనవేలు ఆగిపోతుంది,
కాస్త ఎక్కువసేపు నొక్కుతుంది.
పద్నాలుగేళ్ళుగా నేను చదువుతున్న లిపి అది.

నీ షీటు మీద ఈ పొద్దున రెండు మరకలున్నాయి.
ఒకటి కీవే లోతు దగ్గర,
అక్కడ నువ్వు అంకె తిరగేశావు, సరే.
రెండోది ఏ గీతా ఏ అంకే లేని
తెల్ల కాగితం మీద పడింది.
ఎంత చూసినా నాకు అంతు పట్టలేదు.
అక్కడేదో కొలత ఉండాలేమో,
మనిద్దరికీ తోచనిది.

దిగి అడుగు.
లాప్‌టాప్ వద్దు, పెన్సిలు తీసుకెళ్ళు.
ఇప్పుడే టీ వచ్చినట్టుంది.